నొప్పికి కరెంటు మిషను: టెన్స్ కొనాలా, వద్దా?

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా ఆసుపత్రుల ఎదుటి సర్జికల్ షాపుల్లో నడుం బెల్టులు, మోకాలి క్యాపుల పక్కన ఇప్పుడు ఇంకో డబ్బా కనిపిస్తోంది. జనం నోట అది ‘కరెంటు మిషను’. డబ్బా మీద టెన్స్ అని రాసి ఉంటుంది, చర్మం మీద నుంచి చిన్న కరెంటుతో నరాలను కదిపే పద్ధతికి ఇంగ్లీషు పొట్టి పేరు అది. లోపల అరచేతిలో ఇమిడే మిషను, రెండు వైర్లు, నాలుగు జిగురు ప్యాడ్లు, 9 వోల్టుల పలక బ్యాటరీ. షాపును బట్టి, మోడల్‌ను బట్టి రెండు వేల నుంచి నాలుగు వేల దాకా చెబుతున్నారు. ఈ సమీక్ష గుబ్బలు తిప్పే ఆ రెండు చానెళ్ల మిషను గురించే, చానెల్ అంటే ఒక వైరు, దాని జత ప్యాడ్లు. కంపెనీ పేర్ల జోలికి పోవడం లేదు, ఈ ధరలో లోపలి సర్క్యూట్ దాదాపు అన్నిటిలోనూ ఒకటే.

“నడుం నొప్పా, మోకాలి నొప్పా, దేనికైనా ఇదే” అని అమ్ముతున్నారు. చిక్కంతా అక్కడే. మిషను మంచిదే. అయితే ఇది నొప్పిని నయం చేసేది కాదు, నొప్పి ఉండగా మనిషిని కదలనిచ్చేది. ఆ సంగతి చెప్పకుండా అమ్మడం వల్లే చాలా ఇళ్లల్లో నెల తిరక్కుండా బీరువా పైకి ఎక్కేస్తోంది.

కొనేముందు తేల్చుకోవాల్సింది మిషను గురించి కాదు, మీ నొప్పి ఏ రకం అన్నది. దెబ్బ తగిలినా, కండరం పట్టేసినా ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలావరకు మానిపోతుంది. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక 11వ కూర్పు 2022లో అమల్లోకి వచ్చింది. అందులో దీనికి ఎంజీ30 అని సొంత కోడ్ ఇచ్చారు. అంతదాకా ఇది చాలావరకు వేరే జబ్బుకు తోకలాగే లెక్కలోకి వచ్చేది.

ఈ నొప్పి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది ఒంట్లో ఒక భాగం అరిగో, వాచో, పనిభారం మోయలేకో వచ్చేది. ఉభాల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి నాట్లేసే ఆడవాళ్ల నడుం ఇదే. గంటల తరబడి వంగే ఉంటే వెన్ను వెనకవైపు లిగమెంట్లు సాగిపోతాయి, పట్టి ఉంచాల్సిన కండరాలు అలసిపోతాయి, లేచేసరికి నడుం ‘పట్టేస్తుంది’. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్ల మెడ, భుజాలది వేరే తంతు. అక్కడ బరువు లేదు, వంగడమూ పెద్దగా లేదు. కదలకుండా ఒకే తీరులో కూర్చోవడమే కీడు. ఈ రకం నొప్పిని వేలితో చూపించగలరు. పనిచేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. మోకాలి అరుగుదలైతే పొద్దున్నే లేవగానే బిగుసుకుంటుంది గానీ అరగంటలోపు వదులవుతుంది. ఆ బిగుసుకోవడం గంట దాటి ఉండి, వేళ్ల కణుపులు కూడా వాస్తుంటే అది అరుగుదల కాదు, కీళ్లవాతం అయి ఉండొచ్చు. అప్పుడు వెళ్లాల్సింది సర్జికల్ షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి. చికున్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్లు వేధించడమూ ఈ కోవలోదే.

రెండోది నరమే దెబ్బతిని వచ్చేది. పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా లాగేసే సయాటికా, షుగరువాళ్ల అరికాళ్ల మంటలు, సర్పి తగ్గినచోట నెలలైనా పోని మంట ఇందులోకి వస్తాయి. మాటల్లోనే పట్టుకోవచ్చు: “మంట”, “తిమ్మిరి”, “సూదులు గుచ్చినట్టు”, “కరెంటు కొట్టినట్టు” అంటారు. దీనికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టరు చూసి, మోతాదు మెల్లగా పెంచుతూ ఇస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

మూడోదాన్నే ఇంట్లోవాళ్లు నమ్మరు. స్కాన్‌లో ఏమీ ఉండదు, రక్తపరీక్షలు బాగుంటాయి, ఒళ్లంతా నొప్పి. వెన్నుపాములోనూ మెదడులోనూ నొప్పి కబురు మోసే నరాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయి. దొంగ వెళ్లిపోయినా వీధిలో ఎవరు నడిచినా మొరిగే కుక్కలా తయారవుతుంది వ్యవస్థ. గాయం తర్వాత వెన్నుపాము ఇలా రెచ్చిపోతుందని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో జంతువుల మీద చూపించారు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2017లో ఈ మూడో రకానికి నోసిప్లాస్టిక్ అని పేరు పెట్టింది. ఫైబ్రోమయాల్జియా దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. నిద్ర పట్టకపోవడం, తెల్లారి లేచినా అలసట, కాస్త గట్టిగా పట్టుకుంటేనే నొప్పి, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం కలిసి వస్తాయి. “మనసులో పెట్టుకుంటున్నావమ్మా” అనేవాళ్లకు ఒక్కటే జవాబు: నొప్పి నిజమే, దెబ్బతిన్న చోటు మాత్రం మీరు వెతుకుతున్న చోట లేదు.

ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండటం మామూలే. మోకాళ్లు అరిగి, నిద్రలేక, పదేళ్లుగా బాధపడుతున్నవాళ్లలో మొదటి రకానికి మూడోది తోడవుతుంది. ఒకే ఎక్స్‌రే ఉన్న ఇద్దరిలో ఒకరు పొలం వెళ్తూ, ఒకరు మంచం దిగకపోవడానికి ఇదొక కారణం.

స్కాన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎమ్మారైలో “డిస్కు బల్జ్” (వెన్నుపూసల మధ్య మెత్త బయటికి ఉబ్బడం) అని చూసి జనం హడలిపోతారు. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లు తీసి చూస్తే, 20 ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్కు బల్జ్ ఉంది. డిస్కు అరుగుదలైతే 20 ఏళ్లకే 37 శాతం, 80 ఏళ్లకు 96 శాతం. రిపోర్టులో ఉన్న మాటే నొప్పికి కారణమని ఒట్టేసి చెప్పలేం. కాలు బలం తగ్గడం, రిఫ్లెక్స్ పోవడం లాంటి గుర్తులతో ఆ రిపోర్టు సరిపోలాలి.

ఇక మిషను. దీని వెనకున్న ఆలోచన 1965 నాటిది. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు, వెన్నుపాములో నొప్పి కబురుకు ఒక గేటు ఉంటుందని, స్పర్శను మోసే లావు నరాలు పనిచేస్తే ఆ గేటు కొంత మూసుకుంటుందని ప్రతిపాదించారు. గడపకు కాలివేలు కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటాం కదా, అదే సూత్రం. టెన్స్ చర్మం మీద నుంచి చిన్న చిన్న కరెంటు పల్సులతో ఆ లావు నరాలను కదుపుతుంది. తర్వాత తేలిందేమిటంటే గేటుతో పాటు ఒంట్లో సహజంగా ఉండే నొప్పి తగ్గించే రసాయనాలు కూడా విడుదలవుతాయి. మిషను ఆపేశాక ఉపశమనం సాధారణంగా ఎక్కువసేపు నిలవదు. ఇది లోపం కాదు, పనిచేసే తీరే అంత. కొన్నవాళ్లు “ఆపితే మళ్లీ మామూలే” అని విసుక్కునేది దీనికే.

గుబ్బలు మూడు ఉంటాయి. ఒకటి వేగం, అంటే సెకనుకు ఎన్ని పల్సులో, హెర్ట్జ్‌లలో, 2 నుంచి 150 దాకా. రెండోది పల్సు వెడల్పు, అంటే ఒక్కో పల్సు ఎంతసేపు ఉంటుందో, మైక్రోసెకండ్లలో, 50 నుంచి 250 లేదా 300 దాకా. మూడోది తీవ్రత. ఈ మూడోది మాత్రం చానెల్‌కి ఒకటి చొప్పున పైన ఉంటుంది. మామూలు నడుం, మోకాలి నొప్పికి వేగం 80 నుంచి 100, వెడల్పు 100 నుంచి 200 మధ్య పెట్టి మొదలెట్టొచ్చు. తీవ్రత దగ్గరే అందరూ తప్పు చేస్తారు. భయపడి చీమ పాకినట్టు తెలిసేంతలో ఆపేస్తారు. అంత తక్కువలో ఇది పనిచేయదు. గట్టిగా తెలియాలి, బాధ పెట్టకూడదు, కండరం ఎగరకూడదు. అయిదు పది నిమిషాలకు చర్మం అలవాటుపడి జివ్వుమనడం తగ్గుతుంది, అప్పుడు ఇంకొంచెం పెంచాలి. పైగా ఈ చవక మిషన్లలో గుబ్బ 3 దాకా ఏమీ తెలియదు, 4 దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. గోరుతో వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. ఈ గుబ్బ నాణ్యతకి నేనైతే పదికి నాలుగు మార్కులే వేస్తాను.

రెండో పద్ధతి 2 నుంచి 4 హెర్ట్జ్‌ల వేగం, 200 పైన వెడల్పు, కండరం టక్ టక్‌మని కదిలేంత తీవ్రత, 20 నుంచి 30 నిమిషాలు. ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి నొప్పి మందులు చాలాకాలంగా వాడుతున్నవాళ్లకు ఇది అంతగా పట్టదు, ఆ మందూ ఈ పద్ధతీ నరాల్లో ఒకే తాళం మీద పనిచేస్తాయి కాబట్టి. వాళ్లు పైన చెప్పిన ఎక్కువ వేగం పద్ధతిలోనే ఉండాలి. ఇంకో చిత్రం కాఫీది. 200 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుంటే టెన్స్ ప్రభావం తగ్గిపోయిందని 1995లో ఒక చిన్న ప్రయోగంలో చూశారు. గ్లాసుడు చిక్కటి కాఫీ తాగి వెంటనే మిషను పెట్టి “ఏటీ తెలవట్లేదు” అనేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ప్యాడ్లు ఎక్కడ అతికించాలో డబ్బాలోని బొమ్మలు సరిగా చెప్పవు. నడుముకి వెన్నెముక ఎముకల మీద కాదు, దానికి రెండు వేళ్ల దూరంలో అటూ ఇటూ, పై రెండు నడుం మట్టంలో, కింది రెండు పిరుదు మొదలయ్యేచోట. మోకాలికి చిప్ప మీద వద్దు. చిప్పకు పైన లోపలివైపు ఒకటి, కింద బయటివైపు ఒకటి ఒక చానెల్‌కి, మిగతా రెండు మూలల్లో రెండో చానెల్. కరెంటు కీలు గుండా అడ్డంగా దాటాలి. సయాటికాకి ఒక జత నడుం దగ్గర, ఒక జత నొప్పి దిగే దారిలో. ప్యాడుకీ ప్యాడుకీ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, లేకపోతే కరెంటు లోపలికి దిగకుండా పైపైనే దాటేస్తుంది.

మన దగ్గర ఇది ఎక్కువగా పాడయ్యేది నూనె వల్ల. ముందు కొబ్బరినూనెతోనో నొప్పి తైలంతోనో మర్దన చేసి, దాని మీదే ప్యాడు అతికిస్తారు. నూనె కరెంటును పోనివ్వదు, జిగురునూ చంపేస్తుంది. ప్యాడు అంచు లేచిపోతుంది, అతుక్కున్న కొద్ది చోటునుంచే మొత్తం కరెంటు వెళ్లి అక్కడ సూది పొడిచినట్టు చురుక్కుమంటుంది. “షాకు కొట్టింది” అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు అతికించాలి. తైలం రాయాలనుకుంటే మిషను తీశాక రాసుకోండి. వేసవిలో సముద్రపు ఒడ్డు మండలాల్లో చెమటకి కూడా ప్యాడ్లు నిలవవు, ఫ్యాన్ కింద కూర్చుని పెట్టుకోవాలి. వాడిన ప్రతిసారీ వేలికొసతో ఒక్క చుక్క నీరు రాసి, ప్లాస్టిక్ షీటు మీద అతికించి, కవరులో పెట్టి మూస్తే ఒక జత ఇరవై ముప్పైసార్లు వస్తుంది. లేకపోతే పదిలోపే పోతుంది. రోజూ వాడేవాళ్లకు నా సలహా నల్లటి కార్బన్ రబ్బరు ప్యాడ్లు, జెల్లు, వెల్‌క్రో పట్టీ. చూడ్డానికి మోటుగా ఉంటాయి గానీ నెలల తరబడి ఆగుతాయి. ఒకరి జిగురు ప్యాడు ఇంకొకరికి వాడకండి.

ఇప్పుడు అసలు వాడకం. చాలామంది మంచం మీద పడుకుని మిషను పెట్టుకుంటారు. కదలకుండా ఉన్నప్పుడు ఎలాగూ నొప్పి తక్కువే కదా! టెన్స్ బలం కదిలేటప్పటి నొప్పిని తగ్గించడంలో ఉంది. ఫైబ్రోమయాల్జియా ఉన్న ఆడవాళ్ల మీద చేసి 2020లో వెలువరించిన అధ్యయనంలో నాలుగు వారాలు ఇలా పనులు చేసుకుంటూ వాడినప్పుడు కదిలేటప్పటి నొప్పి తగ్గింది. అందుకని మిషను పెట్టి పది పదిహేను నిమిషాలు ఆగి, తీయకుండా జేబులో వేసుకుని లేచి నడవండి. నొప్పి పెరక్కుండా ఎన్ని నిమిషాలు నడవగలరో చూసుకుని, దానికి కొంచెం తక్కువలో మొదలుపెట్టి వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. మోకాళ్లకైతే ఎత్తైన కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ఎనిమిది నుంచి పదిసార్లు, మధ్యలో ఆగుతూ మూడు విడతలు. ఆ సమయంలో నొప్పి పదిలో రెండు పాయింట్లు పెరిగినా పర్వాలేదు, మర్నాటి పొద్దుటికి పాత మట్టానికి రావాలి. రాకపోతే చేసింది ఎక్కువైనట్టు. అరుగుదలకు అసలు మందు ఈ తొడ కండరం బలమే, మిషను దానికి దారి ఇస్తుందంతే.

రోజూ ఒకే వేగం, ఒకే తీవ్రతలో పెడితే నాలుగైదు రోజుల్లో ఒళ్లు అలవాటుపడిపోతుందని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. మిషను మీద ఎం అనే మోడ్ ఉన్నది ఇందుకే, అది పల్సులను మారుస్తూ ఉంటుంది. లేదా ఒకరోజు ఎక్కువ వేగం, ఒకరోజు తక్కువ వేగం.

నిపుణుల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదని కొనేవాళ్లకు తెలియాలి. వందల అధ్యయనాలను కలిపి చూసిన 2022 సమీక్ష ఒకటి, మిషను పెట్టుకున్నంతసేపు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతుందని చెప్పింది. చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి టెన్స్ ఇవ్వొద్దంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 డిసెంబరులో వచ్చిన దీర్ఘకాలిక నడుం నొప్పి మార్గదర్శకాల్లో టెన్స్‌నీ, నడుం బెల్టునీ, బరువుతో నడుం లాగే ట్రాక్షన్‌నీ మామూలుగా వాడొద్దనే చెప్పింది. నా తీర్పు రెంటికీ మధ్యన: చికిత్సగా దీన్ని కొనకండి, వ్యాయామానికి తోడుగా అయితే కొనొచ్చు. నడిచే ఉద్దేశం లేనివాళ్లకు వంద రూపాయల పైచిలుకు వేడినీళ్ల సంచీ చాలు.

అయినా ఈ మిషనుకి మన జిల్లాల్లో ఒక విలువ ఉంది, అది మాత్రల వల్ల. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి చీటీ లేకుండానే దొరుకుతున్నాయి, రోజూ వేసుకుని పనికి వెళ్లేవాళ్లున్నారు. అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఎండలో చెమట పట్టి నీళ్లు తాగని ఒంట్లో ఇంకా ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా ఖాయంగా తేలలేదు. నేరమంతా మాత్రలదే అనడం తప్పు. కానీ అక్కడివాళ్లు వారాల తరబడి నొప్పి మాత్ర వేసుకోవడం నిప్పుతో చెలగాటమే. ముందు కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, సీరం క్రియాటినిన్ చేయించుకోవాలి. వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్, 60 లోపుంటే ఈ మాత్రలు దీర్ఘకాలం వద్దు, 30 లోపుంటే అసలే వద్దు. అలాంటివాళ్లకు మాత్ర ఒక్కటి తగ్గించగలిగినా ఈ మిషను డబ్బు గిట్టినట్టే.

ఊళ్లలో ఉచిత శిబిరాలు పెట్టి పాదాల కింద పెట్టే పల్సు మిషన్లు అమ్ముతున్నారు, షుగరు దగ్గర్నుంచి థైరాయిడ్ దాకా అన్నీ పోతాయంటూ. టెన్స్ నొప్పి ఉన్నచోటి నరాలకు తగలాలి. నడుం నొప్పికి అరికాలు కింద కరెంటు పెడితే ఒరిగేది లేదు. ఆన్‌లైన్‌లో వచ్చే సీతాకోకచిలుక ఆకారపు మసాజర్లు కూడా వద్దు. వాటిమీద హెర్ట్జ్ ఉండదు, మైక్రోసెకండ్లు ఉండవు, ఏం పెడుతున్నామో మనకే తెలియదు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. గర్భిణులు పొట్ట మీదా నడుం మీదా పెట్టకూడదు. మెడ ముందువైపు, పక్కల ఎవరికీ వద్దు, అక్కడి నరాల వల్ల గుండె వేగం పడిపోవచ్చు, గొంతు పట్టేయొచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే. క్యాన్సర్ ఉన్నచోట, రక్తం గడ్డకట్టిన కాలి మీద, బోదకాలులో వాచి ఎర్రబడిన చర్మం మీద పెట్టొద్దు. షుగరువాళ్లు ముందు ఆ చోట దూదితో తాకి, చల్లటి స్టీలు చెంచా ఆనించి చూసుకోవాలి. తేడా తెలియకపోతే అక్కడ మిషను వద్దు, చర్మం కాలినా తెలియదు. నడుం నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చునేచోట మొద్దుబారినా, కాలు ఎత్తలేకపోయినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే వెన్ను క్షయ లాంటివి ముందు చూడాలి.

కొనేటప్పుడు డబ్బా ఇంటికి తెచ్చి తెరవకండి, షాపులోనే బ్యాటరీ వేయించి ముంజేతికి రెండు ప్యాడ్లు అతికించి పెట్టించండి. గుబ్బలన్నీ సున్నాలో ఉండగా ఆన్ చేసి మెల్లగా పెంచాలి. తెలుస్తుండగా వైరును పిన్ను దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. జివ్వుమనడం తెగి తెగి వస్తుంటే ఆ వైరు నెలలో పోతుంది, మార్పించుకోండి. రెండో చానెల్‌కూ ఇదే పరీక్ష. వైర్లు, ప్యాడ్లు విడిగా అమ్మే షాపులోనే కొనండి, ఎందుకంటే ముందు పోయేది అవే, మిషను కాదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించి ముద్ర వేయించుకోండి. వారం పైన వాడనప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. చవక జింకు బ్యాటరీ లోపల కారిందంటే బ్యాటరీని తాకే లోహపు ముక్కలు తుప్పుపడతాయి, దానికి వారంటీ ఇవ్వరు.